ఈ మొక్క మీకొద్దండి

1999 జూన్. రాజమండ్రి దానవాయిపేటలో ఒక డీటీపీ సెంటరు మేడమీద నాకో గది ఉండేది. ఒక బల్ల, మూడు కుర్చీలు, వాన కురిస్తే కారే చోట ఒక బకెట్టు. గుమ్మం పక్కన 'ప్రకటనలు రాయబడును' అని బోర్డు. అది చూసి స్థలం దస్తావేజు రాయించుకోవడానికి మెట్లెక్కి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. నా పని అది కాదండీ అంటే, ఆమాత్రం రాయడం రానివాడు బోర్డెందుకు పెట్టాడని గొణుక్కుంటూ దిగిపోయేవారు.

చీరల కొట్లకి, ట్యుటోరియల్ కాలేజీలకి, పళ్ళ డాక్టర్లకి, రొయ్యల మేత డీలర్లకి పాంప్లెట్లు రాయడం నా పని. ప్రకటనలో ఉండే మాటలన్నిటినీ కలిపి మా వృత్తిలో 'కాపీ' అంటారు. పైన పెద్ద అక్షరాలతో ఉండేది హెడ్‌లైన్. న్యూస్‌పేపర్లో మడిచి పెట్టి ఇంటింటికీ పంపితే దాన్ని ఇన్సర్ట్ అంటారు. పొద్దున పేపరు విప్పిన దగ్గర్నుంచి సాయంత్రం పకోడీల పొట్లం కట్టేదాకా మా పాంప్లెట్ ఆయుష్షు. ఆలోగా చదివేవాడి మనసు పట్టుకోవాలి. పట్టుకోగలనని నాకు గట్టి నమ్మకం. నమ్మకం అంటే మర్యాదగా ఉంటుందని అంటున్నాను గాని, నిజానికి అది పొగరు. నలభై రెండేళ్ళ వయసులో నా వాక్యాలు నేనే పైకి చదువుకుని మురిసిపోయేవాణ్ణి.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం, గొడుగు, చెప్పులు గుమ్మం బయటే వదిలేసి యాభై ఏళ్ళ మనిషి ఒకాయన లోపలికి వచ్చారు. తెల్లచొక్కా, మోకాళ్ళ దాకా మట్టి మరకలున్న పంచె. చేతిలో చిన్న మనీప్లాంటు కుండీ.

"రైటరు గారంటే మీరేనాండీ?"

"నేనేనండి. కూర్చోండి."

"ఆయ్. ముందు దీన్ని పెట్టనివ్వండి" అని గదంతా కలియజూసి, కిటికీ పక్కన కాకుండా బకెట్టు దగ్గర పెట్టారు. "నిన్నొచ్చానండి. మీరు లేరు. తలుపు సందులోంచి చూస్తే మీ గదిలోకి ఎండ రాదనిపించింది. ఇదైతే నీడలో బతుకుద్దండి. ఆ కారే నీళ్ళు దీనికి సరిపోతాయి."

నా దగ్గరికి ఎందరో ఖాతాదారులు వచ్చారు గాని, నా గదికి ఎండ వస్తుందో రాదో చూసి వచ్చినవాళ్ళెవరూ లేరు. ఆయన పేరు సూర్రావు గారు. కడియం దగ్గర రెండెకరాలు కౌలుకి తీసుకుని నర్సరీ నడుపుతున్నారు. ఇరవై ఏళ్ళు ఇంకొకరి నర్సరీల్లో అంట్లు కట్టిన చేయి అది. టెంక నుంచి మొలిచిన మొక్కకి మంచి జాతి చెట్టు కొమ్మని కోసి కట్టడమే అంటు. ఆరేళ్ళ కిందట సొంతంగా మొదలుపెట్టారు.

ఆయనకొచ్చిన కష్టం ఇది. మెట్ట ప్రాంతంలో పెద్ద తోట వేస్తానన్న ఒక ఆసామి మాట మీద మూడు వేల మామిడంట్లు తయారుచేశారు. ఆ ఆసామి మనసు మార్చుకున్నాడు. మొక్కలన్నీ కవర్లలో అలాగే ఉండిపోయాయి.

"ఇంకా ఎన్నాళ్ళు ఆగుతాయండీ?" అన్నాను.

"కార్తీకం దాకా అండి. ఆ తరవాత వేరు కవరులోనే చుట్టలు చుట్టేసుకుంటది. పైకి చూడ్డానికి పచ్చగానే ఉంటదండి. నేలలో పెడితే ఎదుగుద్ది కూడా. కానీ వేరు కిందకి దిగదు. నాలుగేళ్ళకో అయిదేళ్ళకో ఒక గాలివానొస్తే చెట్టు చెట్టంతా పక్కకి ఒరిగిపోద్ది."

కార్తీకంలోగా ఆ మూడు వేలూ కదలకపోతే ఆయన చేను వదులుకోవాలి. మళ్ళీ కత్తి పట్టుకుని ఇంకొకరి నర్సరీకి కూలికి వెళ్ళాలి. అదే మాట అడిగితే నవ్వారు. "నాకేం నామోషీ లేదండి. మా ఆవిడకుంటదండి. ఆవిడ నామోషీ పడితే నేను చూళ్ళేను."

నాకు మనిషి తెగ నచ్చేశాడు. నచ్చిన మనిషి కోసం రాస్తే కలం కూడా హుషారుగా పరిగెడుతుంది. రెండు రోజులు కూర్చుని నా సామగ్రి అంతా గుమ్మరించాను. హెడ్‌లైన్: 'మీ ముంగిట్లో మామిడి వనం!' దాని కింద: 'మూడో ఏటే గంపలకొద్దీ కాయలు! ఏ నేలలోనైనా విరగకాసే మేలుజాతి అంట్లు! బంగినపల్లి, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి! ఆలసించిన ఆశాభంగం!' ఆశ్చర్యార్థకాలు లెక్కపెట్టలేదు.

సూర్రావు గారికి సంతకం చేయడం వరకే వచ్చు. అందుకని భార్యని తీసుకుని వచ్చారు. ఆవిడ కాంతమ్మ గారు, అయిదో తరగతి దాకా చదువుకున్న మనిషి. అయినా చదివే పని ఆవిడకి ఎందుకిస్తాను? నేనే లేచి నిలబడి, నాటకంలో పద్యం అందుకున్నట్టు గొంతు పెంచి చదివాను. చదివి, "ఎలా ఉందండీ?" అన్నాను.

సూర్రావు గారు మనీప్లాంటు వైపు చూస్తూ, "బాగుందండి" అన్నారు.

"నిజంగానా?"

"చాలా బాగుందండి. మీరు చదూతుంటే పాట విన్నట్టుందండి."

కాంతమ్మ గారు ఏదో అనబోయి, భర్త మొహం చూసి ఆగిపోయారు. నేనప్పుడు మెప్పుదల మత్తులో ఉన్నాను కనక ఆవిడ ఆగిపోవడం నా బుర్రకెక్కలేదు. అయిదు వేలు అచ్చు వేయించి రాజమండ్రి, రావులపాలెం, తణుకు పేపరు ఏజెంట్లకి పంపించాం.

మూడు వారాలు గడిచాయి. కడియం నుంచి కబురు లేదు. ఎస్టీడీ బూత్ నుంచి పక్క నర్సరీకి ఫోను చేసి పిలిపిస్తే, "జనం వత్తన్నారండి, బాగానే వత్తన్నారు" అన్నారు సూర్రావు గారు. మొక్కలు ఎన్ని పోయాయంటే, "ఓ అరవై పోయాయండి" అన్నారు. మూడు వేలకి అరవై! జనం వస్తుంటే మొక్క ఎందుకు కదలడం లేదో నాకు అంతుపట్టలేదు. మా లెక్కలో మనిషిని గుమ్మందాకా తీసుకురావడమే కష్టం. వచ్చినవాడు ఎలాగూ కొంటాడు. ఆ ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను.

నర్సరీ గట్టు మీద ఒక చెక్క బల్ల. దాని మీద కూర్చుని కాంతమ్మ గారిచ్చిన టీ తాగుతున్నాను. అంతలో రావులపాలెం నుంచి భార్యాభర్తలు స్కూటరు మీద దిగారు. ఆయన చేతిలో నా పాంప్లెట్! నా గుండె పొంగింది. చొక్కా సర్దుకున్నాను.

"మూడో ఏటే కాపుకొస్తుందటగా అండీ?" అన్నాడాయన, పాంప్లెట్ చూపిస్తూ.

సూర్రావు గారు చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా చెప్పారు: "ఆ కాయితంలో రైటరు గారు ముచ్చటపడి రాశారండి. మంచాయన. కానీ మూడో ఏడు పూతొస్తే తుంచెయ్యాలండి. నాలుగో ఏడూ తుంచెయ్యాలి. అయిదో ఏడుగ్గానీ కాయ తినకూడదు. ముందే కాపుకి వదిలేస్తే చెట్టు గిడసబారిపోద్దండి."

"మరి ఏ నేలలోనైనా కాస్తుందని..."

"లేదండి. మీ పెరట్లో నీళ్ళు నిలబడతాయాండీ?"

"వానాకాలం మోకాలి లోతు నిలబడతాయి."

"అయితే ఈ మొక్క మీకొద్దండి."

వాళ్ళు ఒక బంతిపూల మొక్క కొనుక్కుని వెళ్ళిపోయారు. నేను ఊరూరా కాగితాలు పంపి పిలిచిన జనాన్ని ఈయన గుమ్మంలో నిలబడి, దండం పెట్టి మరీ వెనక్కి పంపిస్తున్నాడు! మధ్యాహ్నానికి ఇలాగే మరో నలుగురు వెళ్ళిపోయారు. ప్రతివాళ్ళకీ 'రైటరు గారు ముచ్చటపడి రాశారండి' అనే మాట ఒకటి. నన్ను ఒక్క మాట అనడు. నా కాగితాన్ని మాత్రం అక్షరం మిగల్చడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బల్ల మీంచి లేచాను.

"సూర్రావు గారూ, కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నారు మీరు! అది తప్పని మీకు తెలిసినప్పుడు, ఆ రోజు నేను చదివినప్పుడే చెప్పొచ్చు కదండీ!"

"ఎలా చెప్పనండీ? మీరంత సంబరంగా చదూతుంటే?" అన్నారాయన, నిజంగా బాధపడుతూ. "అంత కష్టపడి రాసినాయన మొహం మీద కాదనేస్తామాండీ?"

"మరి అచ్చు వేయించారే?"

"మీరు వేయించమన్నారు కదండీ."

కాంతమ్మ గారికి ఇక ఆగలేదు. "ఆయనకి మొహమాటమండీ, మీకు చెవులు లేవు!" అన్నారు. "ఆ కాయితం ఇంటికి తెచ్చిన కాణ్ణించీ ఈయన అన్నం సరిగ్గా తింటల్లేదు. ఒకళ్ళని మోసం చేసినట్టుందే కాంతం, అంటారు. పోయి రైటరు గారికి చెప్పండి అంటే, ఆయన నొచ్చుకుంటారే, అంటారు. మీరిద్దరూ ఒకళ్ళ మనసు ఒకళ్ళు నొప్పించకుండా మా మొక్కలు మాడ్చేత్తన్నారండి."

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాడికి ఈ జబ్బు కొత్తదా? మా దగ్గర పెళ్ళిలో సాంబారు మాడినా 'బ్రహ్మాండంగా ఉందండి' అనే చెయ్యి కడుక్కుంటారు. 'బాగుందండి' అనే మాటకి మా ప్రాంతంలో పదహారు అర్థాలున్నాయని, అందులో ఒక్కటే నిజంగా బాగుండటమని తెలిసి తెలిసీ, నా విషయానికి వచ్చేసరికి ఆ ఒక్కటే నిజమనుకున్నాను. నా కోపమంతా చల్లారి సిగ్గు మిగిలింది. క్షమించండని అన్నాను. ఆయన అంతకంటే కంగారుపడి, "అయ్యో, తప్పండి, అంత మాటనకండి" అని నా చేతిలో ఇంకో టీ పెట్టారు.

"ఈసారి నేను రాయను. మీ దగ్గర కూర్చుని వింటాను" అన్నాను.

అలా వరసగా నాలుగు ఆదివారాలు ఆ బల్ల మీద నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. అంతకు రెండేళ్ళ ముందు హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకి వెళ్ళినప్పుడు 'ర్యాపో' అని ఒక మాట నేర్పారు. ఎదుటి మనిషికి మనమీద గురి కుదిరేలా చేసుకోవడం అని దానర్థం. పేరు పెట్టి పిలవాలి, వాళ్ళు తలూపితే మనం తలూపాలి, చిరునవ్వు చెదరకూడదు. ఇలా పది సూత్రాలు రాసిచ్చారు. సూర్రావు గారికి ఒక్కటీ తెలియదు. కొందరి పేరు అడగడం కూడా మరిచిపోయేవారు. కానీ వాళ్ళ నుయ్యి ఏ మూల ఉందో, గోడ ఎంత ఎత్తో, పొరుగువారి మేక ఎటునుంచి వస్తుందో, ఇంట్లో మొక్కకి నీళ్ళు పోసేది ఎవరో అడిగేవారు. చెప్పేకొద్దీ వాళ్ళ మొహాలు మారిపోయేవి. మొక్క కొందామని వచ్చినవాళ్ళు బల్ల మీద గంటసేపు కూర్చుని సొంత పెరటి గురించి చెప్పుకునేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈయన విషయంలో నోటికంటే ముందు చెవి మంచిది.

నరసాపురం నుంచి వచ్చిన ఒక టీచరమ్మ గారు నాకు బాగా జ్ఞాపకం. మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ వాకిట్లో మధ్యాహ్నం పూట ఎనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని లేసు అల్లుతారట.

"వాళ్ళకి నీడ కోసమండి మామిడి" అన్నారావిడ.

"నీడ ఎప్పటికి కావాలండీ?"

"ఎప్పటికేంటండీ, వచ్చే వేసవికైతే ఇంకా మంచిది. నాకు అరవై నిండాయి."

"మామిడి నీడకి పదేళ్ళు పడద్దండి. మీది ఇసక నేల కదా, బాదం మొక్క వెయ్యండి. మూడేళ్ళకి గొడుగు పట్టేస్తది. అందాకా తాటాకు పందిరి వేయించండి. మామిడి కూడా పట్టికెళ్ళండి, ఒక్కటి. అది వాళ్ళ పిల్లలకి."

ఆవిడ రెండూ తీసుకున్నారు. వెళ్ళేముందు సూర్రావు గారు మామిడి మొక్క కవరు అడుగున చిన్నగా కోసి, లోపల తెల్లటి వేరు తిన్నగా దిగి ఉండటం ఆవిడకి చూపించారు. ఆయన ఏ మొక్కయినా అలా వేరు చూపించే ఇస్తారు. ఎవరూ అడగరు. అయినా చూపిస్తారు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆగస్టులో రెండో పాంప్లెట్ రాశాను. నిజానికి రాయలేదు, ఆయన అన్న మాటల్ని ఏరి పేర్చానంతే. హెడ్‌లైన్ 'ఈ మొక్క మీకొద్దండి'. కింద ఇలా ఉంది:

'మీ పెరట్లో వాననీరు నిలబడితే మామిడి మీకొద్దండి. మీది రొయ్యల చెరువు గట్టయితే వద్దండి. గోడ పదిహేను అడుగుల దూరంలో లేకపోతే వద్దండి. మూడో ఏడు వచ్చిన పూతని తుంచెయ్యడానికి మీకు మనసొప్పకపోతే అసలే వద్దండి. ఇవేవీ అడ్డం కాకపోతే ఒకసారి వచ్చి మీ పెరటి సంగతి చెప్పండి. ఇవ్వాలో వద్దో అప్పుడు చూద్దాం. ఇస్తే మాత్రం వేరు చూపించి ఇస్తాం.'

ఈసారి నేను లేవలేదు, గొంతు పెంచలేదు. మామూలుగా చదివాను. సూర్రావు గారు కళ్ళు మూసుకుని విన్నారు. "ఇంకోసారి చదవండి" అన్నారు. చదివాను. గోడ దూరం మొదట 'పన్నెండడుగులు' అని రాసిన చోట "పదిహేను చెయ్యండి" అన్నారు. బాగుందనలేదు. కాంతమ్మ గారు మాత్రం కాగితం నా చేతిలోంచి లాక్కుని, తనే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుకుని, పమిట చెంగుతో కళ్ళొత్తుకుని, "మా ఆయన మాట్లాడినట్టే ఉందండి" అన్నారు.

డీటీపీ సెంటరు వాళ్ళు ఇది చూసి నాకు మతిపోయిందన్నారు. వద్దు అనే మాటతో హెడ్‌లైన్ రాయకూడదని మా వృత్తిలో మొదటి పాఠం. కానీ జనం ఆ కాగితాన్ని పకోడీలకి వాడలేదు. చదివి, నవ్వుకుని, పక్కింటికి ఇచ్చారు. కొందరు టేపు పట్టుకుని గోడ దూరం కొలుచుకుని మరీ వచ్చారు. "మాకు నీళ్ళు నిలవవండి, రొయ్యల చెరువు లేదండి, పూత తుంచేస్తామండి" అని బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవారు. మాకు ఇవ్వాల్సిందే అన్నట్టుండేది వాళ్ళ వాలకం. దసరాకి రెండు వేల పైచిలుకు మొక్కలు కదిలాయి.

మధ్యలో భీమవరం నుంచి ఒక రాజుగారు వచ్చారు. చెరువు గట్ల మీద వేయించడానికి ఆరు వందల మొక్కలు ఒకేసారి కావాలన్నారు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"రొయ్యల చెరువులాండీ?" అన్నారు సూర్రావు గారు.

"అవునండి. మీ కాగితంలో వద్దని ఉంది, చూశాను. అయినా నా అదృష్టం చూసుకుంటానండి. పోతే నా మొక్కే కదా పోయేది."

"గట్టు మట్టికెక్కిన ఉప్పుకి అదృష్టంతో పని లేదండి. కొబ్బరి వేయించుకోండి. నా దగ్గర లేవు, పక్క నర్సరీలో ఉన్నాయి. రండి, నేనే చూపిస్తాను."

నేను వెనకనుంచి ఆయన మోచెయ్యి గిల్లాను. చెయ్యి విదిలించుకుని, రాజుగారిని వెంటబెట్టుకుని పక్క నర్సరీకి నడిచి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ ఆరు వందల బేరం పక్కవాళ్ళ కొబ్బరి మొక్కలకి పోయింది. రాజుగారు మర్యాదకి ఇంటి పెరట్లోకి రెండు మామిళ్ళు పట్టుకెళ్ళారు.

కార్తీకం వచ్చేసింది. ఎనిమిది వందల మొక్కలు మిగిలాయి. అవి అమ్ముడైతే రెండెకరాలూ నిలుస్తాయి. లేకపోతే ఒక ఎకరం భూమి యజమానికి అప్పగించెయ్యాలి. కార్తీక సోమవారం నేను వెళ్ళేసరికి సూర్రావు గారు వరసల మధ్య గొంతుక్కూర్చుని ఒక్కో కవరు కోసి చూస్తున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. నాలుగు కవర్లు చూశాం. నాలుగింటిలోనూ వేరు ముగ్గు చుట్టలా తిరిగిపోయి ఉంది. పైన మాత్రం లేత చిగుళ్ళు, ఎర్రగా, నిగనిగలాడుతూ.

అది వనభోజనాల కాలం. రోడ్డు మీద బస్సులు, వ్యానులు ఆగుతున్నాయి. జనం నా పాంప్లెట్ గురించి ఒకరికొకరు చెప్పుకుని వస్తున్నారు. ఒక్క ఆదివారం గట్టిగా నిలబడితే ఎనిమిది వందలూ పోతాయని నాకు తెలుసు. కాంతమ్మ గారు గట్టు మీద నిలబడి మావైపే చూస్తున్నారు. ఆ నిలబడటమే నేను చూడలేకపోయాను. ఇన్నేళ్ళకి రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది గాని, ఆ మాట అన్నది నేనే.

"సూర్రావు గారూ, ఈ ఒక్కసారికి వేరు చూపించకుండా ఇచ్చెయ్యండి. మీరు చూపిస్తే తప్ప ఎవరూ అడగరు కదా."

ఆయన తలెత్తలేదు.

"ఆ చెట్లు పడిపోయేనాటికి ఎన్నేళ్ళవుతుందో. ఎవరి దగ్గర కొన్నారో కూడా గుర్తుండదు వాళ్ళకి" అన్నాను.

"అదేనండి బాధ" అన్నారాయన. "చీర మంచిది కాకపోతే ఏడాదిలో తెలిసిపోద్దండి. మొక్క మంచిది కాకపోతే అయిదేళ్ళకి తెలుస్తది. ఈలోగా ఆ మనిషి అయిదేళ్ళు నీళ్ళు పోసుంటాడు కదండీ."

నేను ఇంకో ప్రయత్నం చేశాను. మా వృత్తిలో మాట దొరక్కపోవడం అంటూ ఉండదు. "ఆ కాగితంలో రాసింది నేనే కదండీ. రాసినవాణ్ణి నేనే చెబుతున్నాను. కాగితం కాగితమే. మొదటి కాగితాన్ని మీరు పట్టించుకున్నారా?"

అప్పుడు తలెత్తి నావైపు చూశారు. కోపం లేదు. నవ్వు కూడా లేదు.

"మొదటి కాయితం మీదండి. అందుకని వచ్చినవాళ్ళకి అది కాదని చెప్పగలిగాను. ఈ రెండోది నాదండి. ఇది కాదని నేనెవరికి చెప్పనండీ?"

ఆయన లేచి, కాంతమ్మ గారి దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పారు. ఆవిడ కాసేపు రోడ్డు మీద ఆగిన వ్యానుల వైపు చూశారు. తరవాత నడుముకి చెంగు బిగించి వచ్చి, మొదటి వరస మొక్కలు ఆవిడే పీకడం మొదలుపెట్టారు. నేనూ చెయ్యి వేశాను. చుట్టలు చుట్టుకున్న ఎనిమిది వందల మామిడి మొక్కల్ని ముగ్గురం రెండు రోజులు పీకి కుప్ప వేశాం.

ఒక ఎకరం పోయింది. మిగిలిన ఎకరంలో వాళ్ళు నర్సరీ నిలబెట్టుకున్నారు. సూర్రావు గారు మళ్ళీ ఇంకొకరి దగ్గర కూలికి వెళ్ళలేదు. రెండో ఎకరం ఆయనకి మళ్ళీ ఎన్నడూ రాలేదు. అయినా రాజుగారి బేరం నాడు ఆయన మోచెయ్యి గిల్లిన ఈ చేతిని నేను ఇంకా పూర్తిగా క్షమించలేదు.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఈ పనిలోనే ఉన్నాను. ఆఫ్‌సెట్ పోయి ఫ్లెక్సీలు వచ్చాయి, ఫ్లెక్సీల మీద మనుషుల తలకాయలు వచ్చాయి. ఎన్ని వేల వాక్యాలు అమ్ముకున్నానో నాకే తెలియదు. నేను రాసే ప్రతి మాటనీ గుమ్మంలో నిలబడి మోయాల్సినవాడు ఇంకొకడు ఉంటాడని నాకు నేర్పింది మాత్రం సంతకం తప్ప రాయడం రాని ఆ మనిషి. కాపీ రాసి ఖాతాదారుకి చదివి వినిపించాక 'బాగుందా అండీ?' అని అడగడం ఆ కార్తీకంతో మానేశాను. మా ప్రాంతంలో ఆ ప్రశ్నకి అందరూ బాగుందనే అంటారు.

"ఇది మీ మాటేనాండీ?" అని అడుగుతాను. అవునని తలూపేదాకా అచ్చుకి ఇవ్వను.